మూడు ముళ్లు

అమ్మ పాత లంగనాడ గుంజుకొని
సెంటర్ల గోడకు నాలుగేండ్ల రజియాను నిలవెట్టి
మూడు ముళ్లేసిన.
మోకాలు కాడ ఒకటి,
కండ్ల కాడ ఒకటి,
చెయ్యి పైకెత్తితే వేలికొసకు ఒకటి.
"ముళ్లేసుడు నీ పని గాదే పిల్లా,
అది ఏసేటోడు వేరే ఉంటడు" అని
మా మేనత్త పడి పడి నవ్వింది.
నాడ చుట్టి బ్యాగుల వెట్టుకొని
కాలేజీలు చూడవోయిన.

చిన్నపిల్లలకు చదువు చెప్పే డిగ్రీ అంటే
డిండిల ఎవ్వరికీ నోరు తిరుగలె.
"పోరగాండ్లను ఆడిపిచ్చెతందుకు పట్టా ఎందుకు?
మీ అమ్మకున్నదా?" అన్నడు కిరాణం భిక్షమయ్య.
లేదు.
పద్దెనిమిదేండ్ల సంది అమ్మ
గుడ్లు ఉడుకవెట్టి, లెక్కగట్టి పంచుతది.
పిల్ల ఏడిస్తే
ఆకలి ఏడుపో, చెవినొప్పి ఏడుపో
పొయ్యి కాడ కూసునే చెప్తది.
రిజిస్టర్ల మాత్రం
ఆమె చెప్పింది రాసే గడి లేదు.

నల్లగొండల కాలేజీ
అద్దాల మేడ.
లిఫ్టుల పైకి తీస్కపోయి
మోడల్ క్లాస్‌రూమ్ చూపిచ్చిండ్రు.
గోడల నిండ జిరాఫీలు.
బొమ్మల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంక తియ్యలె.
"పిల్లలేరి సార్?"
"ఇన్‌స్పెక్షన్ నాడు తెప్పిస్తం" అన్నడు,
టెంటుకు కుర్చీలు తెప్పిచ్చినట్టు.
నాడ విప్పి గోడకు పట్టిన.
రెండో ముడి కాడ జిరాఫీ గిట్టలున్నయి.
దాని ముఖం రజియాకు
ఎన్నేండ్లకు అందుతదో.

పాలమూరుల
ఫీజు తక్కువ, హాస్టలు మంచిది.
మధ్యాహ్నం పచ్చిపులుసు, పప్పు పెట్టిండ్రు.
ఎందుకు దాచాలె,
ఆ అన్నం కోసమన్నా ఆడ చేరుదామనిపిచ్చింది.
పిల్లలు గూడ ఉన్నరు, ముప్పై మంది,
చేతులు కట్టుకొని, నోటి మీద వేలేసుకొని.
నల్లా కాడ నాడ పట్టిన.
మూడో ముడి మీద ఇంకా జానెడు.
"మరి చేతులెట్ల కడుక్కుంటరు మేడం?"
"ఆయా కడుగుతది గదా."
అమ్మ నడుముకు రాసే జండూబామ్ వాసన
ఎక్కడిదో ముక్కుకు తగిలింది.

అచ్చంపేట దాటినంక రేకుల షెడ్డు.
ఇరవై సీట్లు. హాస్టలు లేదు.
బస్సు దిగి నడువాలె, కుక్కలు గూడ ఉన్నయి.
నల్లా ఈడ గూడ ఎత్తే.
కింద ఇటుకలు పేర్చి సిమెంటు పూసిండ్రు,
పచ్చిగున్నప్పుడే ఎవడో ఉరికినట్టుంది,
ఐదు చిన్న వేళ్లు, మడిమె లేదు.
నేను వంగి కొలుస్తుంటే
చంకల పిల్లగాన్నేసుకొని ఎస్తేరు మేడం వచ్చింది.
ముళ్ల కథ మొత్తం ఇన్నది.
నాడ చేతుల వట్టి, ఒక్కో ముడి తడిమి
"నాలుగోది ఏది?" అన్నది.
"నిలవడలేని పిల్ల వస్తే
ఆమె చెయ్యి ఎంత ఎత్తు?"

నాకు జవాబు రాలె.
రజియాను నిలవెట్టిన ఆ గోడ కాడనే
రోజూ కింద కూసోని డేకుతుంటడు
చుక్కమ్మ మనుమడు.
వాని కాళ్లు తొక్కకుండ
జాగ్రత్తగ దాటుకుంట పోయి
రజియాను కొలిచిన.

నెట్ సెంటర్ల పిల్లగాడు
"ఫస్ట్ ఆప్షన్ ఏదక్కా?" అన్నడు.
చెప్పిన.
"ఇంత చిన్న కాలేజా? ఫ్రీజ్ చేస్తే మళ్ల మారదు."
కర్సరు ఆడనే మినుకుమినుకుమన్నది.
పచ్చిపులుసు యాదికొచ్చింది.
రెండోదిగ పాలమూరు పెట్టుమన్న,
మొదటిది మాత్రం అదే.

సీటు ఏడొస్తదో ఇంక తెల్వదు.
నాడ వాపసిస్తే అమ్మ తిట్టింది,
ముళ్లతోటి లంగల దూరుతలేదట.
విప్పుత తియ్యే అన్న.
రేపు ఒక్కరోజు ఉండనియ్యి,
సెంటర్ల కింద కూసోని
ఇంకోటి ఎయ్యాలె.